ఫ్లేర్డ్ బార్ కొనేముందు ఓ చిన్న లెక్క

మా సైక్లింగ్ గ్రూపులో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. "బ్రో, ఐదు వేలలోపు మంచి ఫ్లేర్డ్ బార్ ఉంటే చెప్పండి. 16 డిగ్రీలు తీసుకోవాలా, 25 తీసుకోవాలా?" అడగడమే ఆలస్యం, జవాబులు వచ్చి పడతాయి. ఎవరి సైకిల్‌కి ఏది ఉంటే వాళ్లు అదే బాగుంటుందంటారు. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: ఇప్పుడున్న బార్‌లో డ్రాప్స్ పట్టుకుని తొక్కుతున్నారా? ఎక్కువమంది చెప్పేది "ఎదురుగాలి ఉంటే, ఎప్పుడైనా" అనే. చెయ్యి కిందికే పోనివాళ్లకి కింద బార్ ఎంత విచ్చుకుంటే మాత్రం ఏం ఒరుగుతుంది?

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. డ్రాప్ బార్ అంటే పొట్టేలు కొమ్ముల్లా ముందుకెళ్లి, కిందికి వంగి, వెనక్కి తిరిగే హ్యాండిల్. బ్రేక్ లివర్ల రబ్బరు తొడుగుల మీద చేతులు పెట్టుకునే చోటు హుడ్స్. కింది వంపు డ్రాప్స్. మామూలు రోడ్డు బార్‌లో ఆ కింది వంపు దాదాపు నిలువుగా దిగుతుంది. ఫ్లేర్డ్ బార్‌లో బయటికి విచ్చుకుంటూ దిగుతుంది. ఆ విచ్చుకున్న కోణాన్ని డిగ్రీల్లో చెబుతారు.

దీనివల్ల లాభం ఉందా అంటే ఉంది. కంకర దారిలో దిగుడు దిగుతున్నప్పుడు చేతులు దూరదూరంగా ఉంటే ముందు చక్రం రాయి తగిలి పక్కకి తిరగబోయినా పట్టు తప్పదు. డ్రాప్స్‌లో ఉన్నప్పుడు ముంజేతులు పై బార్‌కి తగలవు. ముందు సంచి కట్టుకునేవాళ్లకి రెండు వంపుల మధ్య చోటు పెరుగుతుంది. హుడ్స్ మీద మాత్రం వెడల్పు మామూలుగానే ఉంటుంది కాబట్టి చదును రోడ్డు మీద భుజాలు చాపుకుని కూర్చోవాల్సిన పనిలేదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి మలుపుల్లోనో, అరకు ఘాట్ రోడ్డులోనో బ్రేకులు గట్టిగా నొక్కుతూ దిగినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. హుడ్స్ మీద నుంచి లివర్‌ని రెండు వేళ్లతో లాగడం వేరు, డ్రాప్స్‌లోంచి లివర్ కొసని లాగడం వేరు. కొస దగ్గర లాగితే అదే బలానికి బ్రేక్ ఎక్కువ పడుతుంది.

ఇదంతా చేతులు కింద ఉన్నప్పటి మాట. అక్కడే నా పేచీ.

ఫ్లేర్డ్ బార్లు కంకర దారుల కోసం చేసే గ్రావెల్ బైకులతో నిన్నా మొన్నా పుట్టినవి కావు. ఫ్రాన్స్‌లో దూరాలు తొక్కే రాండన్యూర్ల బార్లు ఎప్పటినుంచో కొంచెం విచ్చుకునే ఉండేవి. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండల్లో మౌంటెన్ బైక్ రూపు దిద్దుకుంటున్న రోజుల్లో చార్లీ కన్నింగ్‌హామ్ తన అల్యూమినియం సైకిళ్లకి డ్రాప్ బార్లే బిగించేవాడు. ఆయన, స్టీవ్ పాట్స్, మార్క్ స్లేట్ కలిసి 1982లో డబ్ల్యూటీబీ కంపెనీ పెట్టారు. ఆ పేరుతో వచ్చిన డర్ట్ డ్రాప్ బార్లే ఈనాటి వాటికి మూలం. 1990లో అమెరికా రేసర్ జాన్ టోమాక్ మౌంటెన్ బైక్ రేసుల్లోకి డ్రాప్ బార్‌తో దిగాడు. అదే ఏడాది రోడ్డు రేసులు కూడా తొక్కుతున్నాడు కాబట్టి రెండు సైకిళ్ల మీదా ఒకేలా కూర్చోవాలన్నది ఆయన ఉద్దేశం.

ఆ మారిన్ సైకిళ్ల పాత ఫొటోలు చూడండి. స్టెమ్, అంటే బార్‌ని సైకిల్‌కి పట్టి ఉంచే ముక్క, ఎంత ఎత్తుగా ఉంటుందో! డ్రాప్స్ దాదాపు సీటు ఎత్తుకి దగ్గరగా వచ్చేస్తాయి. వాళ్లకి డ్రాప్స్ అంటే ఎప్పుడో వంగి పట్టుకునే చోటు కాదు, చేతులు ఉండాల్సిన అసలు చోటు. బార్ విచ్చుకోవడం ఆ ఎత్తుతో కలిసి పనిచేసింది. మనవాళ్లు కోణం ఒక్కటీ తీసుకుని ఎత్తుని వదిలేశారు. రోడ్డు రేసు సైకిల్‌లా స్టెమ్ కింది రింగులు, అదే స్పేసర్లు, అన్నీ తీసేసి, స్టెమ్‌ని కిందికి దించి, దానికి 25 డిగ్రీల బార్ బిగించి, జీవితాంతం హుడ్స్ మీదే తొక్కుతారు.

కాబట్టి కొనేముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చేసి చూడండి. మామూలు స్టెమ్‌కి 6 లేక 7 డిగ్రీల వంపు ఉంటుంది. కిందికి వంగేలా బిగించి ఉంటే విప్పి తిరగేసి బిగించండి. 100 మి.మీ. స్టెమ్ అయితే బార్ సుమారు 2 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. స్టెమ్ పైన స్పేసర్లు మిగిలి ఉంటే వాటినీ కిందికి వేయండి. కొన్నాళ్లు అలా తొక్కండి. చేతులు వాటంతట అవే డ్రాప్స్‌లోకి పోవడం మొదలైతే మీకు ఫ్లేర్డ్ బార్ పనికొస్తుంది. అప్పటికీ పోకపోతే సమస్య కోణంలో లేదు. డ్రాప్ లోతులోనో, రీచ్‌లోనో ఉంది.

డ్రాప్ అంటే పై బార్ నుంచి కింది బార్‌కి నిలువు దూరం. రీచ్ అంటే పై బార్ నుంచి ముందు వంపు కొసదాకా ఉన్న దూరం. పాతకాలపు రోడ్డు బార్లలో డ్రాప్ 140, 150 మి.మీ. కూడా ఉండేది. ఇప్పటి కాంపాక్ట్ బార్లలో 125 దగ్గర ఉంటుంది. గ్రావెల్ బార్లలో 100 నుంచి 120 మధ్య. నడుము అంతగా వంగని మనిషికి 125 నుంచి 105కి దిగడం పెద్ద తేడా. ఆఫీసులో రోజంతా కుర్చీలో కూర్చుని ఆదివారం సైకిలెక్కేవాళ్లకి మరీనూ. నన్నడిగితే స్పెసిఫికేషన్‌లో మొదట చూడాల్సిన అంకె ఇదే. షాపువాళ్లు, అమ్మకపు పేజీలు మాత్రం డిగ్రీల్నే పెద్ద అక్షరాల్లో వేస్తాయి.

డిగ్రీల అంకె ఇంకో రకంగా కూడా బోల్తా కొట్టిస్తుంది. కింద బార్ ఎంత వెడల్పవుతుందన్నది కోణం ఒక్కదాన్నిబట్టి తేలదు, డ్రాప్ లోతుని కూడా కలుపుకోవాలి. టెన్త్ క్లాసు త్రికోణమితి చాలు: లోతుని కోణం టాంజెంట్‌తో గుణిస్తే ఒక్కో వైపు ఎంత బయటికి జరుగుతుందో తెలుస్తుంది. 125 మి.మీ. డ్రాప్, 16 డిగ్రీల బార్ తీసుకోండి. ఒక్కో వైపు 36 మి.మీ. వస్తుంది. ఇప్పుడు 100 మి.మీ. డ్రాప్, 20 డిగ్రీల బార్ తీసుకోండి. మళ్లీ అదే 36! కాగితం మీద ఒకటి 16, ఇంకోటి 20. చేతికి మాత్రం వెడల్పు ఒకటే. నిజం బార్ గీత గీసినట్టు తిన్నగా ఉండదు కాబట్టి ఓ నాలుగైదు మి.మీ. అటూ ఇటూ అవుతుంది, అంతే.

పేరున్న బార్లకి ఇదే లెక్క వేద్దాం. సాల్సా కౌబెల్‌కి 12 డిగ్రీలు, 115 మి.మీ. డ్రాప్. రెండు వైపులా కలిపి కింద 49 మి.మీ. పెరుగుతుంది. రిచీ వెంచర్‌మ్యాక్స్‌కి 24 డిగ్రీలు, 102 మి.మీ. డ్రాప్. పెరిగేది సుమారు 90. అదే కంపెనీ బీకన్‌కి 36 డిగ్రీలు. వినగానే భయం వేసే కోణం. కానీ డ్రాప్ 80 మాత్రమే కాబట్టి పెరిగేది 116 దగ్గర. కౌబెల్ నుంచి బీకన్‌కి కోణం మూడింతలైంది, వెడల్పు పెరుగుదల రెండున్నర రెట్లు కూడా కాలేదు. చాలామంది కోణం చూసి జడిసే బీకన్ నిజానికి వంగలేని నడుములకి అనుకూలమైన బార్. చవక మాత్రం కాదు.

మరి కోణానికి విలువే లేదా? ఉంది, లివర్ల దగ్గర. వెడల్పు లోతుని బట్టి మారినా, బ్రేక్ లివర్ వంగేది మాత్రం కోణాన్ని బట్టే. 12, 16 డిగ్రీల దాకా షిమానో క్లారిస్, సోరా లాంటి మామూలు రోడ్డు లివర్లు బాగానే కూర్చుంటాయి. 20 దాటితే హుడ్స్ పైకొసలు లోపలికి, లివర్ కొసలు బయటికి తిరుగుతాయి. గేరు మార్చే చిన్న లివర్ వేలికి అలవాటైన చోట ఉండదు. మణికట్టు కొంచెం మెలిపడుతుంది. షిమానో 2019లో తెచ్చిన జీఆర్‌ఎక్స్ లివర్ల ఆకారం ఇలాంటి బార్లని దృష్టిలో పెట్టుకుని చేసిందే. అవి లేకుండా 25 డిగ్రీల బార్ కొంటే బార్ చవగ్గా వచ్చినట్టే ఉంటుంది, ఆ తర్వాత లివర్ల మీదికి మనసు పోతుంది. అప్పుడు బడ్జెట్ గోవిందా.

అందుకే మన దగ్గర రోడ్డూ కంకరా కలిపి తొక్కేవాళ్లకి, సోరా స్థాయి సైకిల్ ఉన్నవాళ్లకి నా మాట: 12 నుంచి 16 డిగ్రీలు, డ్రాప్ 115కి లోపు, రీచ్ 70 దగ్గర, అల్యూమినియం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో వేసిన సోలార్ కప్పు ట్రాక్ మీద తొక్కితే ఏ బార్ అయినా ఒకటే. ఆ 23 కిలోమీటర్ల ట్రాక్‌లో ఫ్లేర్ అవసరమయ్యే చోటు లేదు. చేవెళ్ల వైపు మర్రిచెట్ల రోడ్డులో లారీకి దారిస్తూ అంచున మట్టిలోకి దిగాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది తేడా. బీఆర్‌ఎంలు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు, చేసేవాళ్ల సంగతి వేరు. 600 కిలోమీటర్లకి 40 గంటల గడువుంటుంది. రెండో రోజు పొద్దున్నకి చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారతాయి. అరచేతి అంచున పోయే నరం నలగడమే దానికి కారణం. వాళ్లకి కావాల్సింది చేతులు మార్చి మార్చి పెట్టుకునే చోట్లు. తక్కువ డ్రాప్ ఉన్న బార్ ఒక చోటుని అదనంగా ఇస్తుంది, అది కూడా రాత్రంతా వాడుకోగలిగేది.

ఇక వెడల్పు. ఇక్కడ కొలతల గందరగోళం ఉంది. కొందరు హుడ్స్ దగ్గర కొలుస్తారు, కొందరు కింది కొసల దగ్గర. కొందరు గొట్టం మధ్య నుంచి మధ్యకి, కొందరు బయటి అంచు నుంచి బయటి అంచుకి. లివర్ బిగించే చోట డ్రాప్ బార్ గొట్టం 23.8 మి.మీ. మందం ఉంటుంది కాబట్టి, మధ్య నుంచి కొలిస్తే 42 సెం.మీ. అయిన బార్ అంచుల నుంచి కొలిస్తే 44 దాటుతుంది. 2026 నుంచి రోడ్డు రేసుల్లో బార్ కనీసం 400 మి.మీ. ఉండాలని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ పెట్టిన నియమం అంచుల నుంచి అంచులకి. ఫ్లేర్డ్ బార్‌లో ఇంకో చిక్కు. "44" అని రాసి ఉన్నది కింది కొసల కొలతైతే, హుడ్స్ దగ్గర 38, 39కి మించదు. మీ పాత బార్‌ని హుడ్స్ దగ్గర గొట్టం మధ్య నుంచి మధ్యకి టేపుతో కొలుచుకోండి. కొత్తది ఆ చోట అంతే ఉండాలి, కాకపోతే ఓ 2 సెం.మీ. తక్కువుండొచ్చు. అమ్మేవాడు ఎక్కడ కొలిచాడో చెప్పలేకపోతే ఆ బార్ వదిలేయండి.

డబ్బు దగ్గరికి వద్దాం. అల్యూమినియం బార్ 300 గ్రాముల చుట్టూ ఉంటుంది. కార్బన్‌ది ఓ వంద గ్రాములు తక్కువ. నిండు నీళ్ల సీసా 750 గ్రాములు మోస్తూ ఆ వంద గ్రాముల కోసం మూడు నాలుగు రెట్లు పెట్టడం నాకు సబబుగా తోచదు. కార్బన్ అదురు తగ్గిస్తుందంటారు. కొంత నిజమే. కానీ 25 మి.మీ. టైరు తీసి 32 వేసి, గాలి కాస్త తగ్గిస్తే అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది, తక్కువ ఖర్చులో. ఇక పెద్ద కంపెనీ పేరు అచ్చేసి, పావు ధరకి అమ్మే కార్బన్ బార్ల జోలికి పోకండి. లోపల పొరలు ఎలా వేశారో బయటి నుంచి కనిపించదు. విరిగేటప్పుడు ముందస్తు కబురు పంపదు. దాని బదులు కల్లాయ్, జూమ్ లాంటి తయారీదార్ల సాదా అల్యూమినియం బార్ నయం. ఎన్నో కంపెనీల సైకిళ్లకి షోరూమ్ నుంచే అవి బిగించి వస్తాయి. ప్యాకింగ్ మీద ఐఎస్ఓ 4210 అని ఉంటే సైకిళ్ల భద్రతా ప్రమాణం ప్రకారం పరీక్షించామని తయారీదారు చెబుతున్నట్టు.

మన దేశంలో మోడళ్లు తక్కువే దొరుకుతాయి. 2020 నవంబరులో అలీఎక్స్‌ప్రెస్ మీద నిషేధం పడ్డాక చైనా నుంచి నేరుగా తెప్పించుకునే సులువైన దారి పోయింది. అమెరికా బార్ల ధర అక్కడ అందుబాటులోనే ఉంటుంది, ఇక్కడికి పార్సిల్‌లో తెప్పిస్తే షిప్పింగూ కస్టమ్సూ కలిసి మోతెక్కుతుంది. మన తెలుగువాళ్లకి ఉన్న రాచమార్గం ఒకటుంది: డల్లాస్ నుంచో బే ఏరియా నుంచో సెలవులకి వచ్చే బావమరిది సూట్‌కేస్. ఆవకాయ అటు, హ్యాండిల్‌బార్ ఇటు. 300 గ్రాములకి ఆయనేం కాదనడు. కాకపోతే కొసల దగ్గర 50 సెం.మీ. దాటే బార్ పెద్ద పెట్టెలోనే పడుతుంది, అది ముందే చెప్పండి.

సెకండ్ హ్యాండ్ కూడా మంచి దారే. కార్బన్‌కి మారినవాళ్లు సైకిల్‌తో వచ్చిన బార్ తీసి అమ్ముతుంటారు. ఒకే షరతు: బార్‌కి చుట్టిన టేప్ విప్పి చూడనిస్తేనే కొనాలి. మా మెకానిక్ షాపులో ఓసారి ఒక కుర్రాడు తెచ్చిన బార్‌కి టేప్ విప్పుతుంటే చూశాను. బయటికి కొత్తదానిలా ఉంది. జిగురు పట్టీ లేస్తుంటే లివర్ పట్టీ ఉన్న చోట గోధుమపిండి చల్లినట్టు తెల్లటి పొడి రాలింది. మెకానిక్ దాన్ని గుడ్డతో తుడిచి, గోటితో గీకాడు. పొడి కింద గొట్టం మీద గుండుసూది తల అంత గుంటలు, వరసగా. చెమట టేప్‌లో ఇంకి, అక్కడే నిలిచి, అల్యూమినియాన్ని తినేసింది. "దీన్ని తిప్పిచ్చెయ్ తమ్ముడూ, ఘాట్ దిగేటప్పుడు చేతిలోకొస్తే ఏం చేస్తవ్?" అన్నాడు. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది కాబట్టి ఇంకా జాగ్రత్తగా చూడాలి. స్టెమ్ పట్టుకునే చోటు రెండు అంచుల దగ్గర కూడా వేలితో తడిమి చూడండి. అక్కడ గోరు దిగేంత గీత ఉంటే, ఉచితంగా ఇచ్చినా వద్దు.

బార్ ధరతో ఖర్చు అయిపోదు. టేప్ మళ్లీ వేయాలి. కేబుళ్లు పాతవైతే ఇప్పుడే మార్చడం మేలు, మళ్లీ టేప్ విప్పే పని తప్పుతుంది. బార్ వెడల్పైతే పాత ఔటర్ కేబుల్ పొట్టిదై హ్యాండిల్ తిప్పినప్పుడు లాగేస్తుంది. వీటికి ఓ వెయ్యి, పదిహేను వందలు పక్కన పెట్టుకుని, మిగిలినదానితోనే బార్ వెతకండి. టేప్ మాత్రం మందపాటిది కొనండి. లేదా పాత ట్యూబుని చీల్చి, అరచేయి ఆనే చోట ఓ పట్టీ వేసి పైన మామూలు టేప్ చుట్టండి. చూసేవాళ్లకి కనిపించదు, చేతికి హాయిగా ఉంటుంది.

స్టెమ్‌కి సరిపోతుందో లేదో కూడా చూసుకోవాలి. ఇప్పటి బార్ల మధ్యభాగం 31.8 మి.మీ. ఉంటుంది. పాత సైకిళ్ల స్టెమ్‌లు 26.0 లేక 25.4. సన్న బార్‌ని పెద్ద స్టెమ్‌లో షిమ్ (సన్నటి లోహపు తొడుగు) వేసి బిగించవచ్చు. లావు బార్‌ని చిన్న స్టెమ్‌లో పెట్టే దారి లేదు. ఆకురాయి పట్టుకొచ్చే మెకానిక్‌కి దూరంగా ఉండండి. ముందు ప్లేట్‌కి నాలుగు బోల్టులుంటే ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. పైన, కింద సందు సమానంగా ఉండాలి. సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు, స్టెమ్ మీద వేరే అంకె ఉంటే అదే లెక్క.

హైబ్రిడ్, ఎంటీబీ (మౌంటెన్ బైక్) ఉన్నవాళ్లు "నాదానికి ఫ్లేర్డ్ డ్రాప్ బార్ వేయిస్తే గ్రావెల్ బైక్ అయిపోతుందా" అని అడుగుతారు. చవక పని కాదు అది. ఫ్లాట్ బార్ గొట్టం 22.2 మి.మీ., కాబట్టి ఇప్పుడున్న లివర్లు, షిఫ్టర్లు కొత్త బార్ మీదికి ఎక్కవు. కొత్త రోడ్డు లివర్లు కొన్నా, వీ బ్రేకులకి అవి లాగాల్సినంత కేబుల్ లాగవు. షిమానో 9 స్పీడ్ దాకా రోడ్డు షిఫ్టర్‌తో ఎంటీబీ వెనక డిరైలర్ (చైన్‌ని గేరు నుంచి గేరుకి జరిపేది) పనిచేస్తుంది, 10 నుంచి కుదరదు. పైగా ఫ్లాట్ బార్ ఫ్రేములు పొడుగ్గా ఉంటాయి. దానిమీద బార్ రీచ్ ఇంకో 70 మి.మీ. ముందుకు తోస్తే నడుం పట్టేస్తుంది. ఆ డబ్బు దాచి సెకండ్ హ్యాండ్ డ్రాప్ బార్ సైకిలే కొనుక్కోవచ్చు.

24, 25 డిగ్రీలు ఎవరికీ వద్దనడం లేదు. వారాంతాల్లో రాళ్ల గుట్టల బాటలే వెతుక్కుని తొక్కేవాళ్లు, ముందు పెద్ద సంచి కట్టుకుని రోజుల తరబడి తిరిగేవాళ్లు తీసుకోవచ్చు. వాళ్లకి లివర్ వంకర ఒక లెక్కలోది కాదు. మిగతావాళ్లు ఒక పని చేయండి. కొత్త బార్ వచ్చాక టేప్ వెంటనే చుట్టకండి. లివర్లు బిగించి, కేబుళ్లని ఇన్సులేషన్ టేప్‌తో అక్కడక్కడా అంటించి, ఇంటి చుట్టుపక్కల నాలుగు రౌండ్లు వేయండి. బార్‌ని కాస్త పైకి తిప్పి, కాస్త కిందికి తిప్పి, లివర్లని ఓ సెంటీమీటరు అటూ ఇటూ జరిపి చూడండి. ఫ్లేర్డ్ బార్‌లో లివర్ చోటు కొంచెం మారినా దాని వంపు మారిపోతుంది. డ్రాప్స్‌లోంచి చూపుడు వేలు లివర్‌ని సులువుగా అందుకునే చోట ఆపి, మార్కర్‌తో గుర్తు పెట్టి, అప్పుడు టేప్ చుట్టండి. పాత బార్ ఓ రెండు నెలల దాకా అమ్మకండి.